ముదురెరుపు ఉన్ని కుచ్చు

ఆ ఏడు మా చెరుకు తోటల ఊరు బబిండాలో వానలు నవంబరులోనే మొదలయ్యాయి. మా అక్క ఏవిస్ మీద నా కడుపుమంట మాత్రం అంతకు రెండేళ్ళ ముందు నుంచే ఉంది.

ఇరవై రెండేళ్ళుగా రెయిన్‌బో చేపలు పెంచుతున్నదాన్ని నేను. స్తంభాల మీద నిలబడ్డ మా ఇంటి కింద పద్నాలుగు గాజు తొట్లు నావి. పొద్దున్నే లైటు వేయగానే మగచేపకి నుదుటి నుంచి వీపు దాకా ఒక గీత వెలిగి ఆరుతుంది, ఆడచేపని పిలవడానికి. అది చూడకుండా నేను టీ తాగిన రోజు లేదు. అక్క టీచరుగా రిటైరై, మొగుడు పోయాక మా పెరటి కంచె అవతలి ఇల్లు కొనుక్కుని వచ్చింది. "ఏమీ తోచడం లేదే బెరిల్, నాకూ ఓ రెండు చేపలివ్వు" అంది. ఇచ్చాను. గుడ్లు ఏరడం దగ్గర్నుంచి అన్నీ నేర్పాను. మూడో ఏటికల్లా ఆమె తొట్లు పదహారయ్యాయి. కెయిన్స్‌లో మా చేపల క్లబ్బు ప్రదర్శనలో మొదటి బహుమతి ఆమెది, రెండోది నాది. నా రిబ్బను చేతికిస్తూ అధ్యక్షుడు నన్ను "ఏవిస్ చెల్లెలు" అని పిలిచాడు.

పైగా మా ఆయన క్లారీ ఒకడు. చక్కెర మిల్లు నుంచి వస్తూ వస్తూ అక్క ఇంట్లో పంపులు బాగుచేసి, అక్క కేకు ముక్క తిని, ఇంటికొచ్చి చెప్పేవాడు. "చూశావా మీ అక్క చేపలు? ఏం రంగు, ఏం రంగు!" నా చేపల్ని ఆయన ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అంత మాట అనలేదు.

ఆ ఏడు మెకే ఊరి నుంచి ఒక పెద్దమనిషి అక్కకి కొత్త రకం పంపాడు. ఎక్కడో ఒక్క వాగులో తప్ప దొరకని చేప, నీలం ఒంటి మీద రాగి చారలు. నాకూ కావాలని రాశాను. "మీ వైపు ఏవిస్‌కి ఇచ్చాను. ఏప్రిల్ ప్రదర్శన అయ్యాక ఆమెనే అడగండి" అని జవాబొచ్చింది. అక్కని అడగడం కన్నా చేపలు మానేయడం మేలనిపించింది.

ఈ చేపలు నీటి మొక్కల వేళ్ళలో గుడ్లు పెడతాయి. మేం ఆ వేళ్ళకి బదులు ఉన్ని దారాలు కుచ్చుగా కట్టి, పైన సీసా బిరడా గుచ్చి, తొట్లో తేలేలా వదులుతాం. ఎవరి ఉన్ని రంగు వాళ్ళది. నాది ఆకుపచ్చ. అక్కది ముదురెరుపు, మా అమ్మ దుప్పటి అల్లగా మిగిలిన ఉన్ని. అమ్మ పోయాక ఆ ఉండలు కూడా అక్కకే వెళ్ళాయి. అక్కకి పన్నెండు కుచ్చులుండేవి. టీచరమ్మ కదా, రోజూ లెక్కపెట్టేది.

మెల్బోర్న్ కప్పు రోజున గుర్రాలు పరిగెత్తే ఆ మూడు నిమిషాలూ ఎవరూ టీవీ ముందు నుంచి కదలరు. ఆ మంగళవారం అక్క ఇంట్లో పదిహేను మందిమి, నెత్తిన పూల టోపీలతో. గుర్రాల పేర్లు చీటీలు వేసి తీశాం. గెలిచిన వాళ్ళకి గుర్రపు నాడా ఆకారంలో అక్క చేసిన కేకు. గుర్రాలు వరసలో నిలబడుతుండగా నేను లేచాను.

"ఇప్పుడెక్కడికే?" అంది అక్క.

"బాత్రూంకి."

"మూడు నిమిషాలు ఆగలేవూ?"

ఆగలేదు. మెట్లు దిగి ఇంటి కిందికి వెళ్ళాను. రాగి చారల చేపల తొట్టి తలుపు పక్కనే ఉంది. కుచ్చు పైకి తీస్తే దారాల నడుమ గుడ్లు, గుండుసూది తలకాయల్లా, ముప్పైకి తక్కువ ఉండవు. ప్లాస్టిక్ సంచిలో కాసిన్ని నీళ్ళతో కట్టి, మెట్ల కింద పెట్టిన మా ఐస్ పెట్టెలో, బంగాళాదుంపల సలాడ్ గిన్నె వెనక దాచాను. పైన అరుపులు. మెట్లెక్కుతుంటే క్లారీ గొంతు చించుకుంటున్నాడు.

"బెరిల్! ఎక్కడ చచ్చావ్? నీ గుర్రం గెలిచింది!"

అలా ఆ రోజు అక్క కేకూ నేనే తెచ్చుకున్నాను, అక్క కుచ్చూ నేనే తెచ్చుకున్నాను.

ఇతరుల తొట్టి నుంచి వచ్చిన కుచ్చుని ముందు గుడ్లేరి, తర్వాత ఉడకబెట్టాలి. కొత్తగా చేపలు పెంచే ప్రతి ఒక్కరికీ నేను చెప్పే మొదటి పాఠం అదే. కానీ నేను గుడ్లేరేసరికి క్లారీ వంటింట్లో కూర్చుని కేకు తింటున్నాడు. ముదురెరుపు ఉన్ని గిన్నెలో వేసి పొయ్యి మీద పెడితే ఏం చెప్పను? పారేయడానికి మనసొప్పలేదు, అమ్మ ఉన్ని. కుళాయి కింద పిండి, క్లారీ ఎప్పుడూ చూడని చివరి తొట్లో, మొక్కల వెనక వేలాడదీశాను. వారం తిరిగేసరికి గుడ్లు పిల్లలయ్యాయి. రెప్పవెంట్రుకల్లాంటి ఆ పిల్లల్ని చూసి నేనెంత మురిసిపోయానో చెప్తే సిగ్గుచేటు. ఏప్రిల్‌లో అక్క బల్ల పక్కనే వాటిని పెట్టి, ఆమె ముఖం చూడాలని నా ఆశ.

జనవరిలో చావులు మొదలయ్యాయి.

ముందు చివరి తొట్లో పెద్ద మగచేప. తింటూనే చిక్కిపోయింది. పొట్ట లోపలికి పోయి, వీపు వంగి, మూలకి చేరి, రంగంతా దిగిపోయి తెల్లవారేసరికి అడుగున పడుంది. తర్వాత రెండు ఆడవి. తర్వాత పక్క తొట్లో ఒకదానికి కన్ను ఉబ్బింది, ఇంకోదానికి పక్కన పుండు. నీళ్ళు పరీక్ష చేశాను, ఏ దోషమూ లేదు. ఉప్పు వేశాను. నీళ్ళు మార్చాను. వానతొట్టి నీళ్ళు మానేసి కుళాయి నీళ్ళు పట్టాను, కుళాయివి మానేసి మళ్ళీ వానవి పట్టాను. బొద్దింకల మందు కొట్టాడని క్లారీని తిట్టాను.

"ఆ మందు కొట్టింది క్రిస్మస్‌కి ముందు" అన్నాడు క్లారీ. "పోయి మీ అక్కనడుగు. ఆవిడవి ఒక్కటీ చావలేదు."

ఒళ్ళు మండిపోయింది. ఒక్కటీ చావలేదట!

అక్క తనే వచ్చింది కంచె దగ్గరికి, చేతిలో డబ్బాతో. తన వానడ్రమ్ములో పట్టిన దోమ పురుగులు. చేపలకి అంతకన్నా మంచి తిండి లేదు. వానలు మొదలైనప్పటి నుంచి ప్రతి ఆదివారం నాకో డబ్బా ఇచ్చేది. కుడిచేతి చూపుడువేలికి కట్టు ఉంది.

"ఇంకా తగ్గలేదా?" అన్నాను. క్రిస్మస్‌కి ముందు చెరుకు ఆకు కోసిన గాటు అది.

"వాచింది. డాక్టరు వాతం అన్నాడు, ఇంజక్షను చేశాడు. ఇంకా ఎక్కువైంది. సరేలే, నీ చేపలెలా ఉన్నాయే?"

"ఇంకో నాలుగు పోయాయి" అన్నాను. కంచె అవతల, అక్క చేపలు చూడటానికొచ్చిన మా క్లబ్బు వాళ్ళిద్దరు నిలబడి వింటున్నారు. వాళ్ళు లేకపోతే అనేదాన్ని కాదేమో. "నీ పురుగులు వేయడం మొదలెట్టాకే ఇదంతా, అక్కా."

అక్క చేతిలోని డబ్బా వంక చూసుకుంది. "అవే నా చేపలకీ వేస్తున్నాను కదే."

"నీవి బాగానే ఉంటాయి. నీకెప్పుడూ అన్నీ బాగానే ఉంటాయి."

ఆమె డబ్బా నీళ్ళు గడ్డిలో ఒంపి, లోపలికి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం డబ్బా రాలేదు. నేను గెలిచినట్టు కొంచెం సేపు అనిపించింది.

మార్చి నాటికి సగం తొట్లు ఖాళీ. రాగి చారల పిల్లల్లో మిగిలినవి ఆరు. ఇక తట్టుకోలేక, చావబోతున్న చేపనొకదాన్ని సంచిలో వేసుకుని, లెస్ ట్రెంబాత్ దగ్గరికి కొండ మీది మలాండా ఊరికి వెళ్ళాను. మా క్లబ్బులో అందరికన్నా పెద్దవాడు. పశువుల శాఖలో ముప్పై ఏళ్ళు ఆవుల క్షయ పరీక్షలు చేసి రిటైరయ్యాడు. ఆయన వెనక వరండాలో మైక్రోస్కోపు, సీసాలు ఇంకా అలాగే ఉన్నాయి.

చేపకి లవంగ నూనె చుక్కలు వేసి నిద్రపుచ్చాడు. కోసి, కాలేయం గాజు పలక మీద పెట్టి, "ఇలా రా, చూడు" అన్నాడు. నున్నగా ఉండాల్సిన కాలేయం నిండా తెల్లటి గింజలు, సగ్గుబియ్యం పోసినట్టు.

"ఏంటవి?"

"ఆగు. తొందరపడి పేరు పెట్టకూడదు." ఎర్ర రంగు వేశాడు, వేడి చేశాడు, కడిగాడు, నీలం వేశాడు. అరగంట పట్టింది. తర్వాత మైక్రోస్కోపు నా వైపు తిప్పాడు. నీలం మీద ఎర్రటి చిన్న చిన్న పుల్లలు.

"క్షయ" అన్నాడు. "ఆవులది కాదు, చేపలది. రెండింటికీ చుట్టరికం మాత్రం ఉంది."

"మందు?"

"చేపకి లేదు. తొట్లన్నీ ఖాళీ చెయ్యడమే. బెరిల్, ఈ ఆర్నెల్లలో నీ తొట్లోకి కొత్తగా ఏం వచ్చింది? చేప, మొక్క, వల, కుచ్చు, ఏదైనా."

"ఏమీ రాలేదండీ."

"ఆకాశంలోంచి ఊడిపడదమ్మా ఇది."

"ఏవిస్ ఇచ్చిన దోమ పురుగులు..."

"వానడ్రమ్ములోవా? అందులో చేపలెక్కడివి? అది కాదు. ఇది చేపలున్న నీళ్ళలోంచే వస్తుంది. కొన్ని చేపలు లోపల దాచుకుని ఏళ్ళ తరబడి నిగనిగలాడుతూ తిరుగుతాయి. పక్కవి చస్తాయి." ఆయన నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాడు. "గాట్లేమీ లేవు కదా? మనిషికీ అంటుకుంటుంది. వేలి మీద మొదలవుతుంది, మానదు. వాతం అనుకుని ఇంజక్షను చేస్తే మరీ రేగుతుంది. మా ఆఫీసులో ఒకతనికి బొటనవేలు తీసేశారు."

నాకు మొదట కలిగింది భయం కాదు. సంతోషం. ఆమె తొట్లలోనూ ఉందన్నమాట! నిగనిగలాడే ఆ బహుమతి చేపలన్నీ లోపల పుచ్చిపోయి ఉన్నాయన్నమాట! కొండ దిగుతూ కారులో ఒక్కదాన్నే నవ్వాను. కింద మైదానంలో చెరుకు తోటలు మొదలయ్యాక అక్క వేలు గుర్తొచ్చి, కారు పక్కకి ఆపాల్సి వచ్చింది.

అది సోమవారం. గురువారం కెయిన్స్ ఆసుపత్రిలో అక్క వేలు కోసి చూడబోతున్నారని క్లారీ అప్పటికే చెప్పాడు. ఎముక దాకా పోయుంటే పై కణుపు తీసేస్తారట.

మంగళవారం కుచ్చు సంగతి ఎత్తకుండానే చెప్దామని చూశాను. "అక్కా, డాక్టరుకి చేపల సంగతి చెప్పావా?" అని అడిగాను.

"ఆయనే అడిగాడు, మీ చేపలకేమైనా జబ్బా అని. నా తొట్లలో ఒక్కటి చావలేదండీ, జబ్బంతా మా చెల్లెలి చేపలకి అన్నాను. అయితే అది కాదన్నాడు."

నా ఒంట్లో సోమవారం నాటి దయ అంతా ఆవిరైపోయింది. ఆసుపత్రిలో కూడా నా చేపల గురించి చాటింపు వేసి వచ్చింది! పోనీ, కోయించుకోనీ అనుకుంటూ ఇంటికొచ్చేశాను. నిజంగా అనుకున్నాను. ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

బుధవారం మధ్యాహ్నం వాన మొదలై, కంచె దగ్గర బట్టలు తీస్తుంటే అక్క వంటింటి కిటికీ కనిపించింది. శనివారం ఎవరిదో పెళ్ళి, మూడంతస్తుల కేకు. ఆ కేకు మీద ఎడమచేత్తో క్రీము అంచు పెడుతోంది. గీత వంకరపోయింది. కత్తితో గీకేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ వంకర. అక్క ఒక పని నాకన్నా అధ్వాన్నంగా చేయడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదటిసారి. అది చూడాలని ఎన్నేళ్ళు కోరుకున్నానో! మూడోసారి గీకాక ఆమె క్రీము గొట్టాన్ని బల్ల మీద పెట్టి, కట్టు కట్టిన వేలిని గుండెకి హత్తుకుని కిటికీలోంచి ఎటో చూస్తూ నిలబడింది.

బట్టలు వానలోనే వదిలేసి ఇంటి కిందికి వెళ్ళాను. చివరి తొట్లోంచి కుచ్చు తీశాను. దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, వెళ్ళి ఆమె వంటింటి బల్ల మీద కేకు పక్కన పెట్టాను.

అక్క దాని వంక చూసింది. ముదురెరుపు కాస్త వెలిసింది గానీ బిరడా మీద ఆమె రాసిన అంకె అలాగే ఉంది.

"ఉడకబెట్టావా?" అంది.

"లేదు."

"ఎందుకని?"

"క్లారీ వంటింట్లో ఉన్నాడు."

"ఊరందరికీ చెప్తావు కదే ముందు ఉడకబెట్టమని. నాకూ నువ్వే నేర్పావు."

"అక్కా, నా చేపలకి క్షయ. లెస్ చూశాడు. నా తొట్లోకి కొత్తగా వచ్చింది ఇదొక్కటే. అంటే నీ తొట్లలో ఉంది. నీ వేలిదీ అదే అయ్యుంటుంది. రేపు కోసేలోపు డాక్టరుకి చెప్పు."

ఆమె కుర్చీలో కూర్చుంది. కట్టు వంక, సంచి వంక, మళ్ళీ కట్టు వంక చూసింది. "ఆ ఫోను ఇలా అందుకో" అంది. డాక్టరు దొరికేదాకా మూడుసార్లు చేసింది. చెప్పాల్సింది పాఠం చెప్పినట్టు వరసగా చెప్పింది. "మా చెల్లెలు కనిపెట్టిందండీ" అంది. కుచ్చు సంగతి చెప్పలేదు.

ఫోను పెట్టాక అంది, "కప్పు రోజు సాయంత్రమే లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి. సొంత గుర్రం గెలిస్తే కేక పెట్టని మనిషి ఎక్కడైనా ఉంటుందా? క్లారీని అడిగాను."

"క్లారీకి తెలుసా?"

"ఆ ఐస్ పెట్టె కడిగిందెవరనుకున్నావ్? సలాడ్‌లో ఎర్ర దారం పోగు దొరికిందట. ఊరుకో ఏవిస్, తనే చెప్తుంది అన్నాడు. క్రిస్మస్‌కి చెప్తావనుకున్నాను."

దొంగతనం బయటపడ్డందుకు కాదు నా కళ్ళలో నీళ్ళు తిరిగింది. అయిదు నెలలు వాళ్ళిద్దరికీ నా గురించి ఒక రహస్యం ఉంది. దాని మీద కూర్చుని కేకు తిన్నారు. నా మీద జాలి పడ్డారు. ఆ పూట అక్క మీద నాకున్న అసూయ ముందు అంతకు ముందుదంతా పిల్లలాట. అదే మాట ఆమెతో అనేశాను కూడా.

"పిచ్చిదానా" అంది అక్క. "నువ్వు లైటు వేయగానే ఆ చేపలు నీ చేతి కోసం ఎదురొస్తాయి. క్లారీ నాతో ఎప్పుడూ అదే చెప్తాడు. నావి ఒక్కటీ రాదు." అని గొట్టం నా చేతికిచ్చింది. "ఈ అంచు నువ్వు పెట్టు. వంకరగా పెడితే చంపేస్తాను."

నేను పెట్టాను. వంకరగానే వచ్చింది. ఆమె పక్కనుండి తిడుతూనే ఉంది.

వేలు కోయలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆరు వారాలకి జవాబొచ్చింది, లెస్ చెప్పిందే. నెలల తరబడి మాత్రలు. వేలు మిగిలింది గానీ వంగదు. కెయిన్స్‌లో కుర్ర డాక్టర్లంతా ఆ వేలిని చూడటానికి వరస కట్టారని, ఫోటోలు తీసుకున్నారని క్లారీ గొప్పగా చెప్పాడు. నా వేళ్ళకి ఏమీ రాలేదు, ఎవరూ ఫోటో తీయలేదు.

ఏప్రిల్ ప్రదర్శనలో మా ఇద్దరి బల్లలూ ఖాళీ. అంతకు ముందు వారం రెండిళ్ళ తొట్లూ మేం ముగ్గురమే ఖాళీ చేశాం. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. ఇంటి కింద లవంగ నూనె వాసన ఎన్ని రోజులున్నా పోలేదు. రాగి చారలవి చివర్న చేశాం. అక్క చూడనని అటు తిరిగింది, నేను చేశాను. ఇరవై మూడు కుచ్చులు పెరట్లో కాల్చాం. ఉన్ని తడిగా ఉండి మండక, క్లారీ మిల్లు నుంచి ఎండు చెరుకు పిప్పి తెచ్చి వేశాడు.

జూలైలో మెకే ఆయన మళ్ళీ గుడ్లు పంపాడు, అక్క పేరు మీదే. తడి కుచ్చు, చిన్న డబ్బాలో. ఆ మెకే ఆయన చేపల్ని లెస్ పరీక్షించాకే తెప్పించాం. అక్క కబురు పెడితే వెళ్ళాను. ఇంటి కింద బల్ల మీద డబ్బా, రెండు తెల్ల గిన్నెలు.

"నా వేలు వంగదు కదా. నువ్వే ఏరు" అంది. "సగం నీకు, సగం నాకు. నేను పైన వరండాలో బట్టలు తీయాలి."

"లెక్కపెట్టుకోవా?"

"నువ్వున్నావు కదా" అని వెళ్ళిపోయింది.

ఒక్కదాన్నే కూర్చుని దారం దారం విప్పి ఏరాను. ముప్పై ఒకటి వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను, ముప్పై ఒకటే. పైన ఆమె అడుగుల చప్పుడు, కిందికి వచ్చే తొందరేమీ లేదు. చెరి పదిహేనూ వేశాక ఆ మిగిలిన ఒక్కదాన్ని వేలి కొసన పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అక్క గిన్నెలో వేశాను. ఇంటికొచ్చి నా పదిహేనింటినీ తొట్లో దించాను గానీ, ఆ రోజంతా నా మనసు కంచె అవతలి ఆ ఒక్క గుడ్డు మీదే ఉంది.